చెప్పులరగని మున్సిపాలిటీ సైటు

ఫలానా మున్సిపాలిటీ తన వెబ్‌సైటుని "సరికొత్త హంగులతో" మార్చబోతోందని జిల్లా పేజీలో ఓ చిన్న వార్త అప్పుడప్పుడూ కనిపిస్తూనే ఉంటుంది. ఆ హంగులేమిటా అని చదివితే ఎప్పుడూ అవే. చూడచక్కని హోం పేజీ, ఫోటో గ్యాలరీ, ఒక యాప్, ఈ మధ్య కొత్తగా ఒక చాట్‌బాట్. సాఫ్టువేరు రాసి బతుకుతున్నవాణ్ణి కాబట్టి ఇలాంటి జాబితా చూడగానే నాకొక ప్రశ్న వస్తుంది. ఇవన్నీ ఎవరడిగారు?

మా వృత్తిలో రిక్వైర్‌మెంటు అనే మాటకి ఒక మర్యాద ఉంది. "సైటు బాగుండాలి" అనేది రిక్వైర్‌మెంటు కాదు, కోరిక. "బర్త్ సర్టిఫికెట్‌లో బిడ్డ పేరు ఎక్కించడానికి ఏమేం కాగితాలు కావాలో ఆఫీసుకి రాకుండా ఫోన్లో రెండు నిమిషాల్లో తెలియాలి" అనేది రిక్వైర్‌మెంటు. మొదటిది అయిందో లేదో ఎవరూ తేల్చలేరు. రెండోది ఫోను చేతికిచ్చి పరీక్ష పెట్టి తేల్చెయ్యొచ్చు. మన పట్టణాల సైట్లు ఎన్నిసార్లు మార్చినా మళ్ళీ అలాగే తయారవడానికి కారణం, కోరికల జాబితాతో టెండరు పిలవడమే అని నా అభిప్రాయం.

సరే, విమర్శించడం తేలిక. కోదాడ లాంటి ఒక పట్టణం సైటుకి రిక్వైర్‌మెంట్లు రాసిమ్మని నన్నడిగితే ఏం రాస్తాను? ముందుగా కొలత ఏమిటో చెప్పేస్తాను: ఒక పని కోసం మనిషి ఆఫీసుకి ఎన్నిసార్లు తిరగాల్సొచ్చింది? ఆ లెక్క తగ్గితే సైటు బాగున్నట్టు. తగ్గకపోతే ఎంత అందంగా ఉన్నా లేనట్టే.

వాడేవాళ్ళెవరు?

మాది చిలుకూరు. (చిలుకూరు అనగానే మీకు బాలాజీ గుడి, నూటెనిమిది ప్రదక్షిణాలు గుర్తొచ్చాయా? అది గండిపేట పక్కన, రంగారెడ్డి జిల్లాలోది. మాది సూర్యాపేట జిల్లాలో కోదాడకీ హుజూర్‌నగర్‌కీ మధ్య ఉన్న మండల కేంద్రం. ఈ పేర్ల తికమక గురించి కింద మళ్ళీ మాట్లాడుకుందాం.) మాకు మున్సిపాలిటీ లేదు, పంచాయతీ ఉంది. మరి మున్సిపాలిటీ సైటుతో మాకేం పని అంటారేమో. చాలా పనుంది.

మా ఊళ్ళో ఆడపిల్ల కాన్పుకి కోదాడలో ఆస్పత్రికి వెళ్ళిందనుకోండి. జనన నమోదు తల్లిదండ్రుల ఊళ్ళో జరగదు, బిడ్డ పుట్టిన చోట జరుగుతుంది. అంటే ఆ బిడ్డ మొదటి ప్రభుత్వ కాగితం కోదాడ మున్సిపాలిటీలో ఉంటుంది. మరణం కూడా అంతే. పెద్దాయన్ని పట్నంలో ఆస్పత్రిలో చేర్చి, అక్కడే పోతే, ఆ డెత్ సర్టిఫికెట్ కోసం ఊరి పంచాయతీ చుట్టూ తిరిగి లాభం లేదు. రెండెకరాలు అమ్మి పిల్లల చదువుల కోసం కోదాడలోనో సూర్యాపేటలోనో మిర్యాలగూడలోనో ప్లాటు కొన్నవాళ్ళున్నారు. వాళ్ళకి లేఅవుట్ గొడవ, ఇంటి పర్మిషను, ఇంటి పన్ను, నల్లా కనెక్షను అన్నీ అక్కడే. కూరగాయలు గంపలో పెట్టుకుని వెళ్ళే రైతుకి, తైబజారు వసూలు ఉన్నచోట, రేటెంతో తెలియాలి.

వీళ్ళెవరికీ ఆ పట్టణంలో ఓటు లేదు. వార్డు కౌన్సిలరు లేడు. "మా వార్డాయన" అని ఫోను చేసుకునే దారి లేదు. పట్టణంలో ఉండేవాడికి ఆఫీసుకి వెళ్ళిరావడం అరగంట పని, మావాళ్ళకి ఒక రోజు పని. కూలి పోతుంది, ఆటో చార్జీ అదనం. ఆడవాళ్ళకి 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీ పల్లె బస్సు ఉచితమే గానీ, రోజు ఉచితం కాదు కదా! కాబట్టి సైటు అందరికంటే ఎక్కువ అవసరమైనది ఊరి బయటివాళ్ళకి. కానీ టెండరు కాగితంలో "భాగస్వాములు" అనే పట్టికలో చైర్‌పర్సనూ, కమిషనరూ, పట్టణ ప్రజలూ ఉంటారు. చిలుకూరు ఉండదు. నేనైతే మొదటి గడిలోనే రాస్తాను.

మనం ఎప్పుడూ ఇంతేనా?

కాదు. ఈ విషయంలో తెలుగువాళ్ళం దేశానికి దారి చూపించినవాళ్ళం. 1998లో రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లో కార్డ్ వచ్చింది. 1999 చివర్లో హైదరాబాదులో ట్విన్స్ అని ఒక ప్రయోగం మొదలై, 2001 ఆగస్టులో ఈసేవ అయింది. కరెంటు బిల్లు, నీళ్ళ బిల్లు, ఇంటి పన్ను అన్నీ ఒకే కౌంటర్లో కట్టొచ్చన్నారు, కట్టించారు. దాదాపు అదే కాలంలో విశాఖపట్నం నగరపాలక సంస్థ సౌకర్యం అనే పేరుతో ఇంటి పన్నూ, ప్లాన్ల పరిస్థితీ ఇంటర్నెట్లో చూసుకునే ఏర్పాటు చేసింది. దేశంలో చాలా నగరాలు దాన్ని చూసి నేర్చుకున్నాయి. 2011 నవంబరులో మీసేవ వచ్చింది.

గమనించండి, ఈసేవని ఎవరూ దాని రంగు చూసి మెచ్చుకోలేదు. నాలుగు ఆఫీసుల్లో నాలుగు క్యూలు పోయి ఒక్క క్యూ మిగిలింది, అందుకు మెచ్చుకున్నారు. అంటే తిరుగుళ్ళు తగ్గించడం అనే కొలత నేను కనిపెట్టింది కాదు, పాతికేళ్ళ క్రితం మనవాళ్ళకి తెలిసిందే. ఆ తర్వాత ఏమైందంటే, లావాదేవీలు మీసేవకి పోయాయి, మున్సిపాలిటీ సైటు మాత్రం నోటీసు బోర్డులా మిగిలింది. అందులోనూ కొత్త నోటీసుల కన్నా పాత నోటీసులే ఎక్కువ. :)

నాలుగు తిరుగుళ్ళ కథ

మా బంధువు ఒకాయన ఒక మున్సిపాలిటీలో (పేరెందుకులెండి, ఎక్కడైనా ఇదే కథ) ఇల్లు తన పేరు మీదికి మార్పించుకోవడానికి వెళ్ళాడు. మొదటిసారి, ఏం కాగితాలు కావాలో తెలుసుకోవడానికి. రెండోసారి కాగితాలతో వెళ్తే, "పన్ను కట్టిన రసీదు ఏది పెద్దాయనా?" అన్నారు. మొదటిసారి ఆ మాట ఎవరూ చెప్పలేదు. మూడోసారి రసీదుతో వెళ్తే సారు మీటింగుకి వెళ్ళారు. నాలుగోసారికి పనైంది.

ఈ నాలుగింటిలో మొదటి రెండు కేవలం సమాచారం లేక జరిగినవి. ఒక సరైన పేజీ ఉంటే అవి ఉండేవి కావు. మూడోది, ఫలానా రోజు ఫలానా పని చూస్తాం అనే ఒక్క వాక్యం ఉంటే ఉండేది కాదు. ఆన్‌లైన్ పేమెంటు, సర్వరు, యాప్, ఏవీ అక్కర్లేదు. నాలుగు తిరుగుళ్ళలో మూడింటిని మామూలు వాక్యాలు ఆపగలవు. అందుకే నా జాబితాలో ఖరీదైనవి చివర్న వస్తాయి.

ఇక జాబితా.

1. పనికొక పేజీ, పేజీకి ఆరు జవాబులు

మున్సిపాలిటీ సైటు మెనూలో సాధారణంగా శాఖలుంటాయి: రెవెన్యూ, టౌన్ ప్లానింగ్, ఇంజనీరింగ్, శానిటేషన్. నల్లాలో నీళ్ళు రాకపోతే ఇంజనీరింగ్ సెక్షన్‌కి వెళ్ళాలని మామూలు మనిషికి ఎందుకు తెలియాలి? మెనూలో పనులుండాలి. బిడ్డ పుట్టింది. మనిషి పోయాడు. ఇల్లు కడుతున్నాను. ఇల్లు కొన్నాను. నల్లా కావాలి. షాపు పెడుతున్నాను. చెత్త బండి రావట్లేదు. వీధి లైటు వెలగట్లేదు. ఒక పట్టణంలో జనం పనుల్లో ఎక్కువ భాగం ఇరవై పేజీల్లో సరిపోతాయని నా అంచనా.

ప్రతి పేజీలో ఆరే ఆరు జవాబులు: ఎవరికి వర్తిస్తుంది, ఏ కాగితాలు కావాలి, ఎంత కట్టాలి, ఎన్ని రోజులు పడుతుంది, ఎక్కడ ఏ వేళలో ఇవ్వాలి, కాకపోతే ఎవరికి చెప్పుకోవాలి.

ఇది కొత్త కోరికేమీ కాదు. 2005 నాటి సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్‌లో, ప్రతి ప్రభుత్వ సంస్థా తనంతట తానే బయటపెట్టాల్సిన అంశాలు పదిహేడు ఉన్నాయి. చట్టం వచ్చిన 120 రోజుల్లో పెట్టాలి, ఏటా సరిచూడాలి. చాలాచోట్ల పెట్టారు కూడా, స్కాన్ చేసిన పీడీఎఫ్ రూపంలో. వంకరగా స్కాన్ అయిన యాభై పేజీల్లో ముప్పై ఏడో పేజీలో మీక్కావలసిన మాట ఉంటుంది. చట్టం అడిగింది చేశారు, మనిషి అడిగింది చెయ్యలేదు.

జనన నమోదే తీసుకోండి. 21 రోజుల్లో చెప్తే మామూలుగా నమోదవుతుంది. దాటితే ఆలస్య రుసుము, నెల దాటితే పై అధికారి అనుమతి, ఏడాది దాటితే మెజిస్ట్రేటు ఉత్తర్వు. బిడ్డకి పేరు పెట్టకముందే నమోదైతే, ఏడాదిలోపు ఉచితంగా పేరు ఎక్కించుకోవచ్చు. ఆ తర్వాతైతే రుసుము కట్టాలి. పైగా సవరించిన చట్టం ప్రకారం 2023 అక్టోబరు 1 తర్వాత పుట్టినవాళ్ళకి బడిలో చేర్చడం నుంచి పాస్‌పోర్టు దాకా పుట్టిన తేదీకి రుజువు ఈ సర్టిఫికెటే. ఇది తెలియక ఏడాది దాటిపోయిన తల్లి పడే తిప్పలు ఎన్ని! పై నాలుగు ముక్కలూ ఒక పేజీలో, ఆస్పత్రి గోడ మీద అంటించే క్యూఆర్ కోడ్ వెనకాల ఉంటే చాలు.

2. రుసుము దాచకూడదు

దీన్ని విడిగా ఎందుకు చెప్తున్నానంటే, బ్రోకరు బతికేది ఇక్కడే. అసలు ఫీజు ఎంతో తెలియనివాడికి "మొత్తం మూడువేలు అవుద్దన్నా" అంటే బేరం చెయ్యడానికి కూడా ఆధారం ఉండదు.

2020లో వచ్చిన టీఎస్ బీపాస్ నియమాలు చూడండి. 75 చదరపు గజాల లోపు స్థలంలో ఇల్లు కట్టుకుంటే పర్మిషనే అక్కర్లేదు, ఒక్క రూపాయితో నమోదు చేసుకుంటే చాలన్నారు. 600 గజాల లోపు, పది మీటర్ల ఎత్తు లోపు అయితే సొంత ధ్రువీకరణతో వెంటనే అనుమతి. మిగతావాటికి 21 రోజుల గడువు. మంచి నియమాలు. కానీ ఈ రూపాయి సంగతి తెలియని తాపీమేస్త్రీ ఎవరికో వేలు ఇచ్చుకుంటే ఆ నియమం ఎవరికోసం రాసినట్టు? అలాగే 2020 ఎల్ఆర్ఎస్‌కి రాష్ట్రమంతా కలిపి పాతిక లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. ఏళ్ళ తరబడి వాళ్ళలో చాలామంది అడిగిన ప్రశ్న ఒక్కటే: "నాది ఎక్కడుంది?" కాబట్టి, దరఖాస్తు నంబరు కొడితే ఏ బల్ల మీద ఏ తేదీ నుంచి ఉందో చూపించాలి. "ప్రాసెస్‌లో ఉంది" అనేది జవాబు కాదు.

3. పేర్ల తికమక సైటు భరించాలి, మనిషి కాదు

చిలుకూరు అని వెతికితే బాలాజీ గుడి వస్తుందని చెప్పాను కదా. అది నవ్వుకునే విషయం. కానీ ఇంగ్లీషులో కొందరు చిల్కూర్ అనీ, కొందరు చిలుకూర్ అనీ స్పెల్లింగు రాస్తారు. 2016 అక్టోబరు 11న జిల్లాలు విడిపోయాక మేం నల్గొండ నుంచి సూర్యాపేటకి వచ్చాం, మిర్యాలగూడ మాత్రం నల్గొండలోనే ఉంది. 2024లో టీఎస్ కాస్తా టీజీ అయింది. అంటే 2015లో పుట్టిన పిల్లాడి సర్టిఫికెట్‌లో ఒక జిల్లా, చెల్లెలి సర్టిఫికెట్‌లో ఇంకో జిల్లా. పాస్‌పోర్టు దగ్గరో ఇంకోచోటో ఎవరైనా అడిగితే జవాబు చెప్పుకోవాల్సింది ఆ కుటుంబమే.

దీనికి ఇంజనీరింగ్ పరిష్కారం ఉంది, కొత్తదీ కాదు. దేశంలో ప్రతి పంచాయతీకీ, మండలానికీ, పట్టణానికీ కేంద్ర పంచాయతీరాజ్ శాఖ డైరెక్టరీలో ఒక కోడ్ నంబరుంది. లోపల ఆ నంబరు దాచుకోవాలి, బయట పేరు చూపించాలి. పాత జిల్లా పేరుతో వెతికినా దొరకాలి. మనుషుల పేర్లకీ ఇదే పద్ధతి. శ్రీనివాస్‌ని ఇంగ్లీషులో ఎన్ని రకాలుగా రాయొచ్చో మీకు చెప్పక్కర్లేదు. స్పెల్లింగు అచ్చంగా కలిస్తేనే రికార్డు చూపిస్తానంటే, రికార్డు ఉండీ లేనట్టే. తెలుగులో కొట్టినా ఇంగ్లీషులో కొట్టినా ఉచ్చారణని బట్టి దగ్గరి పేర్లు చూపించే వెతుకులాట రాయడం ఈ రోజుల్లో పెద్ద పనేం కాదు.

ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. వెతుకులాట సులువు చెయ్యమంటే, ఊళ్ళో అందరి పేర్లూ ఫోన్ నంబర్లూ పరిచెయ్యమని కాదు. ఇంటి నంబరు కొడితే బాకీ ఎంతో చూపిస్తే చాలు. యజమాని ఫోన్ నంబరు, ఆధార్ నంబరు బయటివాడికి కనపడకూడదు.

4. తెలుగు ముందు, అదీ అక్షరాల్లో

యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచీ ఉంది. విండోస్ ఎక్స్‌పీతో పాటే గౌతమి ఫాంటు వచ్చింది. అయినా ఆఫీసుల్లో ఇంకా పాత అను ఫాంట్లలో టైపు చేసి, ప్రింటు తీసి, సంతకం పెట్టి, స్కాన్ చేసి, బొమ్మగా సైటులో పెట్టే అలవాటు పూర్తిగా పోలేదు. ఆ బొమ్మలో ఉన్నది గూగుల్‌కి కనపడదు, చూపు లేనివాళ్ళ స్క్రీన్ రీడర్‌కి వినపడదు, కాపీ చేసి వాట్సాప్‌లో పంపడానికి కుదరదు. తెలుగులో ఉండీ తెలుగు కానట్టే.

ఇంకో సమస్య, ఏ తెలుగు అని. "ఆస్తి పన్ను మదింపు", "యాజమాన్య బదలాయింపు" అని పెడితే జనం గుర్తుపట్టరు. కౌంటరు దగ్గర నిలబడి మనిషి ఏ మాట అంటాడో అదే పేజీకి పేరు కావాలి: ఇంటి పన్ను, పేరు మార్పిడి, నల్లా బిల్లు, బర్త్ సర్టిఫికెట్. చట్టంలోని మాట కింద చిన్నక్షరాల్లో ఉంచండి. ముందు ఇంగ్లీషులో రాసి పక్కన అనువాదం మీట పెట్టే పద్ధతి వద్దు. ముందు తెలుగులో రాసి తర్వాత ఇంగ్లీషు చెయ్యాలి. రాసేవాడు తెలుగులో ఆలోచిస్తేనే, తనకే అర్థం కానిది ఎక్కడుందో బయటపడుతుంది.

చూపు లేనివాళ్ళ సంగతి దయ కింద చెప్పట్లేదు. ప్రభుత్వ సైట్ల మార్గదర్శకాలు 2009 నుంచీ ఉన్నాయి, 2023లో మూడో కూర్పు వచ్చింది. 2016 వికలాంగుల హక్కుల చట్టమూ ఉంది. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు డిజిటల్ సేవలు అందుకోవడం జీవించే హక్కులో భాగమని తీర్పిచ్చింది. టెండరులో "మార్గదర్శకాలు పాటించాలి" అని ఒక లైను రాసి వదిలెయ్యకుండా, చూపు లేని ఒక మనిషిని కూర్చోబెట్టి ఇంటి పన్ను కట్టించి చూడాలి.

5. వరద రోజు పేజీ

2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీలు మా ప్రాంతం వాళ్ళకి గుర్తుంటాయి. కోదాడలో కాలనీలు మునిగాయి, ప్రాణాలు పోయాయి. నడిగూడెం మండలంలో సాగర్ ఎడమ కాలువకి గండి పడింది. హైదరాబాదు-విజయవాడ రహదారి మీద రాకపోకలు ఆగిపోయాయి. ఆ రాత్రి మాలాంటి బయట ఉన్నవాళ్ళకి సమాచారం ఎక్కడినుంచి వచ్చింది? వాట్సాప్ గ్రూపుల నుంచి. అందులో సగం ఏ ఊరి వీడియోనో, ఏ సంవత్సరం వీడియోనో తెలియదు.

పట్టణం సైటు అసలు అవసరమైన రోజు అలాంటిదే. ఆ రోజు హోం పేజీలో బొమ్మలన్నీ పోయి, ఉత్త అక్షరాల పేజీ ఒకటి రావాలి. ఏ రోడ్డు మూశారు, ఏ వార్డులోకి నీళ్ళు వచ్చాయి, ఎక్కడికి వెళ్ళాలి, ఏ నంబరుకి చెయ్యాలి, మంచినీళ్ళ ట్యాంకరు ఎప్పుడు. ప్రతి వాక్యం పక్కన అది రాసిన గంటా నిమిషం. సిగ్నలు ఒక గీత ఉన్న ఫోన్లో, చార్జింగు పది శాతం ఉన్నప్పుడు కూడా తెరుచుకోవాలి. ఇది పాతకాలపు సాదా పేజీ, ఖర్చు దాదాపు సున్నా.

అసలు ప్రశ్న సాంకేతికమైనది కాదు. రాత్రి రెండింటికి ఆ పేజీలో ఎవరు రాస్తారు? హైదరాబాదులో ఉన్న కాంట్రాక్టరుకి మెయిలు పెట్టి, వాడు పొద్దున్నే చూసి, టికెట్టు తెరిచి... అప్పటికి నీళ్ళు తగ్గిపోతాయి. ఆఫీసులో కనీసం ముగ్గురికి, పేరుపేరునా, ఫోన్ నుంచే ఆ పేజీ మార్చే అధికారం ఉండాలి. వానాకాలానికి ముందు ఒకసారి ఉత్తుత్తి డ్రిల్లు చెయ్యాలి.

6. ప్రతి పేజీకి ఒక యజమాని, ఒక తేదీ

సైటు ప్రారంభం రోజు అందంగా ఉంటుంది. రిబ్బను కత్తిరిస్తారు, ఫోటో దిగుతారు. ఏడాది తర్వాత చూడండి. బదిలీ అయిపోయిన కమిషనరు పేరు, మారిపోయిన ఫోన్ నంబరు, "త్వరలో" అని ఏళ్ళుగా ఉన్న విభాగం. అందుకని ప్రతి పేజీ అడుగున ఫలానా హోదా వాళ్ళు దీనికి బాధ్యులు, చివరిసారి సరిచూసిన తేదీ ఇది అని ఉండాలి. ఆరు నెలలు దాటితే ఆ పేజీ తనంతట తానే "దీన్ని ఇంకా సరిచూడలేదు" అని చెప్పుకోవాలి. మనుషులు సిగ్గుపడకపోతే పేజీ సిగ్గుపడుతుంది.

డబ్బు కూడా అలాగే ఇవ్వాలి. తయారీకి మొత్తం ఇచ్చేసి నిర్వహణకి ఏమీ మిగల్చకపోతే పైన చెప్పిందే జరుగుతుంది. నేనైతే సగం సొమ్ము మూడేళ్ళ మీద పంచుతాను. కోడు, డొమైను, పాస్‌వర్డులు మొదటి రోజు నుంచే మున్సిపాలిటీ చేతిలో ఉండాలి. సైటు మార్చినా పాత లంకెలు బతకాలి, ఎందుకంటే ఆస్పత్రి గోడ మీద అంటించిన క్యూఆర్ కోడ్‌ని ఎవరూ వచ్చి మార్చరు.

7. ఏప్రిల్ 30 పరీక్ష

ఏడాది ఇంటి పన్ను మొత్తం ఏప్రిల్‌లోపు కడితే 5 శాతం తగ్గింపు ఇవ్వడం మన మున్సిపాలిటీల్లో మామూలు. మనవాళ్ళ సంగతి తెలుసు కదా, అందరూ చివరి రోజే కడతారు. కాబట్టి సైటు మామూలు రోజు ఎలా నడుస్తుందని అడగొద్దు, ఏప్రిల్ 30 సాయంత్రం ఎలా నడుస్తుందో చూపించమనండి. 2013 అక్టోబరు 1న అమెరికా ప్రభుత్వం ఆరోగ్య బీమా సైటు తెరిస్తే మొదటి రోజు నమోదు పూర్తి చేసుకోగలిగింది ఆరుగురంటే ఆరుగురే. డబ్బు తక్కువై కాదు, నిజమైన రద్దీతో ముందు పరీక్షించక. డబ్బు అకౌంట్లోంచి పోయి రసీదు రాకపోతే ఏం చెయ్యాలో కూడా పేజీలో రాసి ఉండాలి. అది రాయకపోతే ఇంకో తిరుగుడు మొదలైనట్టే.

"అసలు సైటు ఎవరు చూస్తారండీ?"

ఈ మాట తప్పకుండా అంటారు. ఊళ్ళోవాళ్ళు మీసేవకి పోతారు, లేకపోతే వాట్సాప్ అంటారు, సైటెవరు తెరుస్తారు అని. నిజమే. ఆంధ్రప్రదేశ్‌లో 2025 జనవరి 30న మన మిత్ర పేరుతో 161 సేవలు వాట్సాప్‌లోకే వచ్చాయి. మంచిదే. కానీ మీసేవ కౌంటర్లో కూర్చున్న తమ్ముడు ఏ కాగితాలు కావాలో ఎక్కడ చూసి చెప్పాలి? వాట్సాప్ జవాబు ఎక్కడినుంచి రావాలి? చాట్‌బాట్ దేన్ని చదివి మాట్లాడాలి? వీటన్నిటికీ అడుగున ఒక సరైన పేజీ ఉండాలి. అడుగున తప్పుంటే పైన ఎన్ని పెట్టినా ఆ తప్పునే ఇంకా త్వరగా అందిస్తాయి. మీసేవ తమ్ముడు ఈ సైటుకి అందరికంటే ముఖ్యమైన వాడకందారు. రిక్వైర్‌మెంట్ల మీటింగుకి మొదట పిలవాల్సింది అతన్నే. ఆ తర్వాత బిల్ కలెక్టర్నీ, కౌంటర్లో గుమస్తానీ. రోజుకి వందసార్లు వాళ్ళనడిగే ప్రశ్నలే సైటులో ఉండాల్సిన పేజీలు.

ఇంకొకటి అంటారు, ప్రతి చిన్న పట్టణం సొంతంగా సైటు కట్టుకోవాలా అని. అక్కర్లేదు. మా సూర్యాపేట జిల్లాలోనే సూర్యాపేట, కోదాడ, హుజూర్‌నగర్, నేరేడుచర్ల, తిరుమలగిరి అని అయిదు మున్సిపాలిటీలున్నాయి. అయిదింటికీ అయిదు టెండర్లు శుద్ధ దండగ. అచ్చు ఒకటే ఉండనివ్వండి, రాష్ట్రమంతటికీ కలిపి. బ్రిటన్‌లో 2012లో అదే చేశారు. పాత పెద్ద సైట్లని తీసేసి ఒకే సైటు పెట్టారు, జనానికి ఏం అవసరమో ముందు తేల్చి, అక్కర్లేని పేజీల్ని కొట్టేశారు. చూడటానికి ఏ అలంకారమూ లేని ఆ సైటుకి 2013లో లండన్ డిజైన్ మ్యూజియం ఆ ఏటి మేటి డిజైన్ బహుమతి ఇచ్చింది! కానీ మనం అచ్చు ఒకటి చేసి లోపల ఖాళీగా వదిలేస్తున్నాం. అచ్చు రాష్ట్రానిది కావాలి, లోపల విషయం ఆ పట్టణం చేతిలో ఉండాలి. ట్యాంకరు ఎప్పుడొస్తుందో హైదరాబాదులో ఎవరికి తెలుస్తుంది?

బిల్లు ఎప్పుడు పాస్ చెయ్యాలి?

చివరగా, పని పూర్తయిందని ఎలా తేల్చాలి? నా పద్ధతి ఇది. చిలుకూరు నుంచి అయిదుగురిని పిలవండి. కంప్యూటర్లు తెలిసినవాళ్ళు వద్దు. ఒక కూలీ, ఒక రైతు, ఒక బాలింత, ఒక మేస్త్రీ, డెబ్భై దాటిన ఒక పెద్దమ్మ. చేతిలో వాళ్ళ ఫోనే. అయిదు పనులివ్వండి: బిడ్డ పేరు ఎక్కించడానికి ఏం కావాలి, డెత్ సర్టిఫికెట్ ఎక్కడిస్తారు, అరవై గజాల్లో గది కట్టుకుంటే ఎంత కట్టాలి, ఇంటి పన్ను బాకీ ఎంత, రోడ్డు మునిగితే ఎవరికి చెయ్యాలి. పక్కన ఎవరూ సాయం చెయ్యకూడదు. చదవలేనివాళ్ళుంటే ఫోనే చదివి వినిపించాలి. జవాబులు దొరికితే బిల్లు పాస్ చెయ్యండి. దొరక్కపోతే, హోం పేజీ ఎంత అందంగా ఉన్నా, చెక్కు మీద సంతకం ఆపండి. తర్వాత ఆరు నెలలు కౌంటరు దగ్గర ఒక చిన్న రిజిస్టరు పెట్టి, వచ్చిన ప్రతివాణ్ణీ "ఈ పనికి ఇది ఎన్నోసారి రావడం?" అని అడిగి అంకె రాసుకోండి. ఆ అంకెని సైటు మొదటి పేజీలో, విజిటర్ల లెక్క ఉండే చోట పెట్టండి.

ఎంతమంది సైటు చూశారన్నది ఎవరిక్కావాలి? ఎంతమంది రాకుండానే పని చేసుకున్నారో చెప్పండి చాలు.

మీ ఊళ్ళో ఆ అంకె ఎంతుంటుందంటారు?